మోవర్ డెక్కు ఎన్నిసార్లు వెల్డింగ్ చేసినా మళ్ళీ అక్కడే పగులుతోందా?

వానలు మొదలైన రెండో వారానికల్లా హైదరాబాద్ కుషాయిగూడలో మా షెడ్డు ముందు గడ్డి కోసే మెషిన్లు వరస కడతాయి. కొన్ని చుట్టుపక్కల అపార్ట్‌మెంట్లవి, కొన్ని కీసర, శామీర్‌పేట వైపు ఫామ్‌హౌసులవి. వేసవంతా మూలన పడి ఉన్నవాటికి ఒక్కసారిగా పని పడుతుంది. తెచ్చినవాళ్ళందరిదీ ఒకటే మాట: "డెక్కు పగిలిందన్నా, రెండు రాడ్లు కొట్టు చాలు." డెక్కు అంటే బ్లేడును కప్పుతూ ఇంజిన్‌ని మోసే రేకు గుల్ల. మెషిన్ని పక్కకు వాల్చి అడుగున ఏముందో చూశారా అని అడిగితే మాత్రం నేల చూపులు చూస్తారు.

రాడ్డు పట్టడం వచ్చినవాళ్ళ కోసమే ఇది రాస్తున్నాను. అద్దం, గ్లవ్స్, బూట్ల గురించి మళ్ళీ చెప్పను. ఒక్కటి మాత్రం చెప్పక తప్పదు. డెక్కు మీద ఇంజిన్ ఉండగా వెల్డింగ్ పెట్టొద్దు. "ట్యాంకులో పెట్రోల్ లేదులే" అంటారు. ఖాళీ ట్యాంకులో మిగిలిన ఆవిరే అసలు ప్రమాదం. పైగా ఎర్త్ క్లాంప్ ఎక్కడో తగిలిస్తే కరెంటు బేరింగుల గుండా పోయి వాటిని తినేస్తుంది, వేడికి ఆయిల్ సీల్ పోతుంది. ఇంజిన్‌ని పట్టుకునేది మూడు నాలుగు బోల్టులే. విప్పి దూరంగా పెట్టండి.

రాడ్డు అతుక్కుపోతోంది, ఆర్క్ నిలవడం లేదు

వెంటనే ఆంప్స్ పెంచకండి, ముందు వైరు చూడండి. ఇన్వర్టర్ మెషిన్‌ని బెడ్‌రూం ప్లగ్గులో పెట్టి, డాబా మీదికి ముప్పై మీటర్ల సన్న ఎక్స్‌టెన్షన్ వైరు లాగి, మెషిన్ బాగోలేదని తిడుతుంటారు. 16 ఆంప్స్ సాకెట్, 2.5 స్క్వేర్ ఎంఎం రాగి వైరు కావాలి. వైరు చుట్ట విప్పకుండా వాడితే అది వేడెక్కి ముద్దవుతుంది, పూర్తిగా పరవండి. ఎర్త్ క్లాంప్ కింద రంగు గీకారా లేదా అన్నది కూడా చూడండి. సగం కేసులు ఇక్కడే తేలిపోతాయి.

రేకుకు చిల్లులు పడుతున్నాయి

డెక్కు రేకు కొత్తదైనా మహా అయితే రెండు మిల్లీమీటర్ల మందం ఉంటుంది. తడి గడ్డి అడుగున అంటుకుని ఏళ్ళ తరబడి నానాక అందులో ఎంత మిగిలి ఉంటుందో గ్రైండర్ పెడితేగానీ తెలియదు. సుత్తితో చిన్నగా తట్టండి. ఖంగుమంటే వెల్డింగ్ పెట్టొచ్చు. డొల్ల చప్పుడొస్తే, లేదా పెచ్చులు రాలితే ఆ ముక్క కోసేసి కొత్త రేకు వేయాల్సిందే. తుప్పుకి వెల్డింగ్ అంటదు.

రేకు గట్టిగానే ఉండి చిల్లు పడుతుంటే రాడ్డు మార్చండి. 2 మిల్లీమీటర్ల 6013 రాడ్డు తీసుకుని 45, 50 ఆంప్స్ మధ్య పెట్టండి. డీసీ మెషిన్ అయితే హోల్డర్‌ని మైనస్‌కు తగిలించండి, రేకులోకి దిగుడు తగ్గుతుంది. ఒకే గీతగా లాక్కుపోవద్దు. సెంటీమీటరు పెట్టి ఆపి, అవతలి చివర ఇంకో సెంటీమీటరు పెట్టి, మధ్యలోకి రండి. వెనక ఒక రాగి పట్టీ ఆనించి పెడితే కరిగింది కిందికి జారదు.

పెట్టిన వెల్డింగ్ బుడగలు బుడగలుగా వచ్చి, తడితే లేచిపోతోంది

రంగు, గ్రీజు, గడ్డి పసరు ఏదో ఒకటి మిగిలి ఉంది, లేదా రాడ్లు చెమ్మ పట్టాయి. జూలైలో పాకెట్ తెరిచి షెడ్డులో వదిలేసిన రాడ్లతో మంచి పని జరగదు. డెక్కును రెండు వైపులా మెరిసేదాకా రుద్దండి. అయస్కాంతం కూడా ఒకసారి పెట్టి చూడండి. అంటుకోకపోతే అది అల్యూమినియం డెక్కు, మన మామూలు రాడ్డుకు లొంగదు. ఇది చూడకుండా అరపాకెట్ రాడ్లు తగలేసినవాళ్ళు నాకు తెలుసు.

వెల్డింగ్ బాగానే ఉంది, కానీ పదిహేను రోజులకు పక్కనే పగిలింది

అసలు చెప్పాలనుకున్నది ఇదే. దీనితో నేను మూడుసార్లు తల దించుకున్నాను.

మా బావ ఫామ్‌హౌసు మోవర్ అది. ఇంజిన్ బోల్టు చిల్లు నుంచి వేలెడంత పగులు. మొదటిసారి పగులు చివర చిల్లు వేసి, శుభ్రంగా కుట్టి ఇచ్చాను. రెండు వారాలకు తిరిగొచ్చింది. రెండోసారి మీద 2 మిల్లీమీటర్ల ప్యాచ్ వేశాను. ఈసారి పగులు ప్యాచ్ అంచు వెంట వచ్చింది. రోషం వచ్చి మూడోసారి 3 మిల్లీమీటర్ల రేకు వేశాను. ప్యాచ్ చెక్కు చెదరలేదు, దాని చుట్టూ ఉన్న డెక్కే చిరిగింది. "ఏం వెల్డింగ్ చేసినవ్ బామ్మర్ది, కొత్త మెషిన్ వస్తుండె గీ తిరుగుడు పైసలకి" అన్నాడు మా బావ, అందరి ముందు.

వెల్డింగ్ పక్కనే చిరుగుతోందంటే వెల్డింగ్ తప్పు కాదు, ఏదో దాన్ని ఊపుతోంది. ఆ సంగతి నాకు తెలియక కాదు. బ్లేడు బ్యాలెన్స్ ప్రతిసారీ చూశాను కూడా. గోడకు మేకు కొట్టి, బ్లేడు మధ్య చిల్లును దానికి తగిలిస్తే అడ్డంగా నిలబడాలి. ఒక వైపు వాలితే ఆ వైపు పదును అంచును ఇంకాస్త రుద్దాలి. ఈ చిన్న పని చేయనివాళ్ళు ఒక లెక్క చూసుకోవాలి. 50 సెంటీమీటర్ల బ్లేడు నిమిషానికి 3,000 చుట్లు తిరుగుతుంటే, కొన దగ్గర 10 గ్రాముల తేడా ఉన్నా అది డెక్కును దాదాపు 25 కిలోల బలంతో గుంజుతుంది. అదీ సెకనుకు 50 సార్లు. ఏ వెల్డింగ్ మాత్రం ఎన్నాళ్ళు ఆగుతుంది?

కానీ మా బావ బ్లేడు మేకు మీద త్రాసులా నిలబడింది. నేను మోసపోయింది అక్కడే. బ్లేడు బరువు సమానంగా ఉందా లేదా అన్నదే మేకు చెబుతుంది. ఇంజిన్‌లోంచి కిందికి దిగి ఆ బ్లేడును తిప్పే షాఫ్ట్ వంగి ఉంటే మేకుకేం తెలుస్తుంది?

తోటమాలి మొదటి రోజే నాకు అసలు విషయం చెప్పాడు, నేనే చెవిన పెట్టలేదు. "అన్నా, నడుపుతుంటే చేతులు జివ్వుమంటున్నయి. కింద ఆయిల్ చుక్కలు గూడ పడుతున్నయి." షాఫ్ట్ వంగితే కింది ఆయిల్ సీల్‌ని ఒకవైపే రాసి రాసి తినేస్తుంది. వణుకుతో పాటు అడుగున ఆయిల్ కనబడితే అనుమానం షాఫ్ట్ మీదికే పోవాలి. నేను ఏం చేశానంటే, ఆయిల్ తుడిచి వెల్డింగ్ పెట్టాను! మూడోసారి గట్టిగా అడిగితే బయటపడింది, నిరుడు గడ్డిలో కనబడని హద్దురాయికి బ్లేడు తగిలి ఇంజిన్ టక్కున ఆగిపోయిందట. మన ఊళ్ళో ఎక్కడ రెండడుగులు తవ్వినా బండే. గడ్డి ఏపుగా పెరిగాక ఆ రాళ్ళు కనబడవు. ఏ మెషిన్ వచ్చినా నేనిప్పుడు మొదట అడిగేది పగులు గురించి కాదు, "దేనికైనా తగిలిందా?" అని. మూడొంతుల మంది లేదంటారు. నమ్మకండి, కొలవండి.

కొలిచేందుకు పది నిమిషాలు చాలు. ఇంజిన్ డెక్కు మీద ఉండగానే, విప్పకముందే చేయాలి. స్పార్క్ ప్లగ్గు విప్పి పక్కన పెట్టండి, పెట్రోల్ వంపేయండి. కార్బొరేటర్, ఎయిర్ ఫిల్టర్ పై వైపు ఉండేలా మెషిన్ని పక్కకు వాల్చండి, లేదంటే ఇంజిన్‌లోని ఆయిల్ ఆ ఎయిర్ ఫిల్టర్‌లోకి పోతుంది. డెక్కు అంచు మీద ఒక చోట చాక్‌పీసుతో గీత పెట్టండి. బ్లేడు ఒక కొనకు చాక్‌పీసుతోనే గుర్తు పెట్టి, దాన్ని గీత దగ్గరికి తెచ్చి, డెక్కు అంచు నుంచి కొన దాకా స్కేలుతో కొలవండి. అర చుట్టు తిప్పి రెండో కొనను అదే గీత దగ్గర కొలవండి. రెండిటికీ తేడా 3 మిల్లీమీటర్లు దాటితే ఏదో వంగింది.

వంగింది ఏదో తెలియాలి కదా. బ్లేడు బోల్టు విప్పి, బ్లేడును మాత్రమే అర చుట్టు తిప్పి బిగించి, మళ్ళీ రెండు కొనలూ కొలవండి. కిందికి దిగిన కొన ఇంతకుముందుదే అయితే బ్లేడు వంగింది. కొత్త బ్లేడు కొనుక్కోండి, పని అయిపోయింది. ఇప్పుడు రెండో కొన కిందికి దిగితే బ్లేడు మంచిదే, తేడా షాఫ్ట్‌లోనో, షాఫ్ట్ కొసకు తొడిగే బాస్‌లోనో (బ్లేడు కూర్చునే దిమ్మ) ఉంది.

బాస్ విప్పి శుభ్రం చేయండి. ఒక్కోసారి దాని కింద ఎండిన గడ్డి, తుప్పు ముద్దకట్టి అదే ఒక వైపు ఎత్తుగా ఉంటుంది. అది తీస్తే సరిపోయినవాళ్ళు అదృష్టవంతులు. తేడా అలాగే ఉంటే ఉత్త షాఫ్ట్‌ని చూడాలి. డెక్కుకు ఒక కట్టుతీగ బిగించి, దాని కొనను షాఫ్ట్‌కు వెంట్రుకవాసి దూరంలో ఆపండి. స్టార్టర్ తాడు మెల్లగా లాగుతూ ఆ సందు చూడండి. షాఫ్ట్ మీద కీ కూర్చునే గాడి వచ్చినప్పుడు సందు కనబడటం మామూలే, దాన్ని వదిలేయండి. మిగతా చుట్టులో సందు పెరిగి తగ్గుతుంటే షాఫ్ట్ వంగిపోయినట్టే. మా బావ మోవర్‌లో బ్లేడు కొనల దగ్గర తేడా 5 మిల్లీమీటర్లు వచ్చింది.

ప్రెస్‌లో పెట్టి తిన్నగా చేసిస్తామనే లేత్ వాళ్ళు బాలానగర్‌లోనూ దొరుకుతారు, చర్లపల్లిలోనూ దొరుకుతారు. వద్దు. వంగి మళ్ళీ తిన్నగా అయిన చోట కంటికి కనబడని చీలిక మిగలొచ్చు. ఆ షాఫ్ట్ చివర తిరిగే బ్లేడు కొన వేగం గంటకు 280 కిలోమీటర్ల పైమాటే. షాఫ్ట్ అయినా మార్చాలి, ఇంజిన్ అయినా మార్చాలి. రాణిగంజ్‌లో రెండూ అడిగి, రెంటి ఖర్చూ లెక్కేసుకోండి. పాత చిన్న ఇంజిన్ విప్పి షాఫ్ట్ వేసే కూలీ కలిపితే చాలాసార్లు ఇంజిన్ మార్చడమే నయం. మా బావది అలాగే మార్చాం. ఇంజిన్ మార్చాక అదే డెక్కు మీద నేను పెట్టిన నాలుగో అతుకు రెండు వానాకాలాలుగా నిలిచే ఉంది.

షాఫ్ట్ సంగతి తేలాకే పగులు ముట్టుకోండి. పగులు కొస దాటి 3 మిల్లీమీటర్ల చిల్లు వేయండి, లేకపోతే అది వెల్డింగ్ కింద నుంచి పాకుతుంది. ప్యాచ్ డెక్కు రేకంత మందమే చాలు, నాలా రోషానికి పోయి మందం పెంచితే కుదుపంతా దాని అంచు మీదికే పోతుంది. మూలలు గుండ్రంగా కోయండి. పై నుంచి వేయండి, అడుగున వేస్తే గడ్డి తట్టుకుంటుంది. చల్లారాక రెడ్ ఆక్సైడ్ రెండు పూతలు.

మిగతావి

చక్రం బ్రాకెట్ ఊడటం, హ్యాండిల్ పైపు విరగడం మామూలు అరుగుదలే, అతికించేయండి. జీఐ పైపు అయితే జింకు పూత గీకేసి, గాలి ఆడే చోట పెట్టండి. రాయికి తగిలాక స్టార్ట్ కాకుండా తాడు చేతిని వెనక్కి గుంజుతుంటే ఫ్లైవీల్ కీ తెగి ఉంటుంది, మార్చడం తేలిక. బ్లేడు పగిలితే మాత్రం నా దగ్గరికి తేకండి. గట్టిపరిచిన ఉక్కు అది, రాడ్డు వేడికి అతుకు పక్కన పెళుసెక్కి, తిరిగేటప్పుడు ముక్క ఎగిరి ఎవరి కాలికో తగులుతుంది. వందల్లో దొరికే వస్తువు, కొత్తది కొనండి.

అంతా బిగించాక అరగంట కోసి ఆపండి. ప్లగ్గు వైరు పీకి, ఇంజిన్ బోల్టులు, బ్లేడు బోల్టు ఇంకోసారి బిగించండి.