అమెరికాలో రైల్వే ఇంజనీరింగ్ చదవడానికి వచ్చారా? మొదటి సెమిస్టరులోనే చూసుకోవలసినవి

అమెరికాలో సరుకు రవాణా రైల్వే ప్రభుత్వ శాఖ కాదు. పట్టాలు, ఇంజన్లు, సిగ్నళ్లు దాదాపు అన్నీ ప్రైవేటు కంపెనీలవే: బీఎన్‌ఎస్‌ఎఫ్, యూనియన్ పసిఫిక్, సీఎస్‌ఎక్స్, నార్ఫోక్ సదరన్ లాంటివి. మన ఆర్‌ఆర్‌బీ లాగా నోటిఫికేషన్ రాదు, ఉమ్మడి పరీక్ష ఉండదు. ఏ కంపెనీకి కావలసిన ఇంజనీర్లను ఆ కంపెనీయే వెతుక్కుంటుంది. వచ్చే ఎండాకాలం ఇంటర్న్‌షిప్‌లకు ఎంపికలు ఎక్కువగా సెప్టెంబరు, అక్టోబరుల్లోనే మొదలవుతాయి. ఆగస్టులో దిగి, ఒక సెమిస్టరు గడిచాక చూద్దాంలే అనుకుంటే ఆ ఏడాది చేజారుతుంది. రెండేళ్ల ఎంఎస్‌లో మధ్యలో వచ్చే ఎండాకాలం ఒక్కటే. అందుకే రెజ్యూమె విమానం ఎక్కకముందే ఒక పేజీకి కుదించి పెట్టుకోండి. క్యాంపస్ కెరీర్ ఫెయిర్ తేదీ కూడా అప్పుడే కనుక్కోండి.

చాలామందికి డిగ్రీ సర్టిఫికెట్ మీద ఉండేది సివిల్ ఇంజనీరింగ్ అనే. రైల్వే పేరుతోనే బ్యాచిలర్స్ డిగ్రీ ఇచ్చేది పెన్ స్టేట్ వారి ఆల్టూనా క్యాంపస్. ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం అర్బానా-షాంపేన్‌లోను, హౌటన్‌లోని మిషిగన్ టెక్‌లోను రైల్వే పరిశోధన బలంగా ఉంది. రైల్వే కోర్సులు ప్రతి సెమిస్టరూ పెడతారని అనుకోవద్దు. ట్రాక్, సిగ్నలింగ్ కోర్సులు ఎప్పుడెప్పుడు వస్తాయో మొదటి వారంలోనే సలహాదారును అడిగి, రెండేళ్ల ప్రణాళిక రాసుకోండి. మీ దగ్గర రైల్వే కోర్సే లేకపోతే నేల స్వభావం, వంతెనలు, డ్రైనేజీ, సర్వేయింగ్ తీసుకోండి. ట్రాక్ ఇంజనీరు రోజువారీ పనిలో ఎక్కువ భాగం వీటితోనే. దీంతోపాటు రైల్వే ఇంజనీర్ల సంఘమైన అరీమాలో విద్యార్థి సభ్యులుగా చేరండి. ఉపకారవేతనాలు, విద్యార్థి శాఖల ద్వారా సైట్ సందర్శనలు అక్కడ దొరుకుతాయి.

మనవాళ్లు ఎక్కువగా తడబడేది కొలతల దగ్గర. మన బ్రాడ్‌గేజ్ 1676 మి.మీ., ఇక్కడిది 1435 మి.మీ. గేజ్ తక్కువ కదా అని బరువూ తక్కువే అనుకోకూడదు. మామూలు నాలుగిరుసుల సరుకు పెట్టె మొత్తం బరువు 2,86,000 పౌండ్ల దాకా అనుమతిస్తారు. అంటే ఇరుసుకు సుమారు 32.4 టన్నులు. మన ప్రత్యేక సరుకు కారిడార్లలో ట్రాక్‌ను ఇరుసుకు 25 టన్నులకు వేశారు. అందుకే ఇక్కడి తరగతిలో పట్టా పైభాగం అలసి పగుళ్లివ్వడం, కంకర నలిగి బురద పట్టడం, అడుగున నేల కుంగడం గురించి అంతసేపు చెబుతారు. మీటరుకు 60 కిలోలుండే మన పట్టా గజానికి 121 పౌండ్లు. ఇక్కడి ప్రధాన మార్గాల్లో గజానికి 136 పౌండ్ల పట్టా సాధారణం.

వంపును డిగ్రీల్లో చెబుతారు. ఒక డిగ్రీ వంపు వ్యాసార్ధం దాదాపు 5,730 అడుగులు. 62 అడుగుల తాడు రెండు కొసలనూ వంపులో పట్టాకు ఆనించి, మధ్యలో తాడుకూ పట్టాకూ ఉన్న ఎడం కొలిస్తే ఎన్ని అంగుళాలు వస్తే వంపు అన్ని డిగ్రీలు. మనం 20 మీటర్ల తాడుతో మిల్లీమీటర్లలో తీసే వెర్సైన్ లెక్కా ఇదే సూత్రం. ఇక సర్వే పుస్తకంలో అడుగులు దశాంశాల్లో ఉంటాయి. 5.6 అడుగులంటే 5 అడుగుల 6 అంగుళాలు కాదు, 5 అడుగుల 7.2 అంగుళాలు. ఈ ఒక్క పొరపాటుతో లెవెల్ లెక్క మొత్తం తప్పుతుంది.

సికింద్రాబాద్ పరిసరాల్లో, రైళ్లు ఢీకొనకుండా ఆపే కవచ్ వ్యవస్థ గురించి విన్నవాళ్లకు సిగ్నలింగ్ కోర్సు ఆసక్తిగా ఉంటుంది. కవచ్ పట్టాల మధ్య బిగించిన ఆర్‌ఎఫ్‌ఐడీ ట్యాగులతో స్థానం తెలుసుకుంటే, ఇక్కడి సరుకు మార్గాల్లో వాడే అలాంటి వ్యవస్థ పీటీసీ (పాజిటివ్ ట్రెయిన్ కంట్రోల్) ప్రధానంగా జీపీఎస్ మీద ఆధారపడుతుంది. 2008లో కాలిఫోర్నియాలోని ఛాట్స్‌వర్త్‌లో జరిగిన రైలు ప్రమాదం తర్వాత చట్టం చేసి దీన్ని తప్పనిసరి చేశారు.

పట్టాల దగ్గరికి వెళ్లడం గురించి గట్టిగా చెప్పాలి. మన ఊళ్లలో పట్టాలు దాటి అవతలికి వెళ్లడం అలవాటు. ఇక్కడ అది కంపెనీ ఆస్తి, అనుమతి లేకుండా అడుగుపెడితే నేరం. ఫొటో కోసమైనా వద్దు. కేసు పడితే ఉద్యోగానికీ వీసాకీ చిక్కే. పనిమీద వెళ్లినా, దగ్గరి పట్టాకు 4 అడుగుల లోపు వస్తే ట్రాక్ మీద ఉన్నట్టే లెక్క, రక్షణ ఏర్పాటు లేనిదే రాకూడదు. రైలు వచ్చేసరికి కనీసం 15 సెకన్ల ముందే సురక్షిత స్థలంలో ఉండాలి. గంటకు 60 మైళ్ల రైలు ఆ 15 సెకన్లలో 1,320 అడుగులు వస్తుంది. కాబట్టి రైలు వస్తోందని హెచ్చరించే కాపలా మనిషికి రైలు కనీసం అంత దూరంలో ఉండగానే కనిపించాలి. మీరు సామాను తీసి పక్కకు రావడానికి పట్టే సమయం దీనికి అదనం.

కొన్ని రాష్ట్రాల్లో గంజాయి చట్టబద్ధమని ఎవరైనా చెబితే వినకండి. రైల్వే భద్రతకు సంబంధించిన ఉద్యోగాలకు సమాఖ్య నిబంధనల ప్రకారం మత్తుపదార్థాల పరీక్షలు చేస్తారు. డ్రైవింగ్ లైసెన్సు కూడా తొందరగా తీసుకోండి, సైట్లకు బస్సులు పోవు. చీలమండ పైదాకా లేసులు కట్టుకునే ఉక్కు ముక్కు బూట్లు ఒక జత ఇక్కడే కొనండి.

వీసా విషయంలో: ఇంటర్న్‌షిప్‌కు సీపీటీ, అంటే చదువులో భాగంగా బయట పని చేసే అనుమతి, కావాలి. దానికి సాధారణంగా ఒక విద్యా సంవత్సరం పూర్తవ్వాలి. ఆగస్టులో చేరినవాళ్లకు మే నాటికి అర్హత వస్తుంది. జనవరిలో చేరినవాళ్లకు మొదటి ఎండాకాలం మామూలుగా రాదు, వాళ్లు క్యాంపస్ ప్రయోగశాలలో పని చూసుకోవడం మంచిది. విశ్వవిద్యాలయం ఇచ్చే ఐ-20 పత్రం మీద సీపీటీ నమోదు కాకముందు ఒక్క రోజు కూడా పని చేయవద్దు. పూర్తికాలపు సీపీటీ 12 నెలలు వాడితే ఓపీటీ, అంటే చదువు ముగిశాక ఇక్కడ పని చేసే అనుమతి, పోతుంది. ఓపీటీ దరఖాస్తు చదువు ముగియడానికి 90 రోజుల ముందు నుంచి పెట్టవచ్చు. ఆ తర్వాత సైన్స్, ఇంజనీరింగ్ డిగ్రీలకు ఇచ్చే స్టెమ్ పొడిగింపుకు, యజమాని ఈ-వెరిఫైలో (ఉద్యోగుల పని అర్హతను సరిచూసే ప్రభుత్వ వ్యవస్థలో) ఉండాలి. నిబంధనలు మారుతుంటాయి కాబట్టి ప్రతి అడుగుకూ ముందు అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయంలో అడగండి. వీసా స్పాన్సర్‌షిప్ కావాలా అని ఉద్యోగ దరఖాస్తులో అడిగితే నిజమే రాయండి. రైల్వే కంపెనీలతో పాటు వాటికి ట్రాక్, వంతెనలు రూపొందించే కన్సల్టెన్సీలకూ తప్పక దరఖాస్తు పెట్టండి. అక్కడికి ఎఫ్‌ఈ (ఇంజనీరు లైసెన్సుకు మొదటి మెట్టు) పరీక్ష పాసై వెళ్లడం మేలు. భారతీయ డిగ్రీకి మూల్యాంకనం అవసరమా అన్నది రాష్ట్రాన్ని బట్టి మారుతుంది, రుసుము కట్టే ముందే చూసుకోండి.