టోనర్ ఒలికిందని ఫోన్ వస్తే

టోనర్ ఒలికినంత మాత్రాన పాడైపోయే ఫొటోకాపీ మెషిన్లు, లేజర్ ప్రింటర్లు తక్కువ. ఒలికాక కంగారులో చేసిన శుభ్రం వల్ల పాడయ్యేవే ఎక్కువ. తడిబట్టతో తుడవడం, ఇంట్లో వాడే వాక్యూమ్ పెట్టడం, నోటితో ఊదడం, తలుపులు మూసేసి మళ్లీ ఆన్ చేసి చూడడం. టెక్నీషియన్ చేరేలోపే ఈ నాలుగూ జరిగిపోతాయి. అందుకే ఫోన్ ఎత్తిన క్షణం నుంచే పని మొదలైనట్టు లెక్క.

చూడ్డానికి మసిలా ఉన్నా టోనర్ నిజానికి ప్లాస్టిక్ పొడి. పాలిస్టర్ లేదా స్టైరీన్-యాక్రిలేట్ రెసిన్‌లో రంగు, కొంచెం మైనం కలిపి, ఒక్కో రేణువు సుమారు 5 నుంచి 10 మైక్రాన్లు ఉండేలా తయారుచేస్తారు. ఉండకట్టకుండా జారడానికి పైన సిలికా అద్దుతారు. కాగితాన్ని వేడిచేసి నొక్కే రోలర్ల జత, అంటే ఫ్యూజర్, దాని వేడికి కరిగి కాగితానికి అతుక్కోవడమే టోనర్ పని. కాబట్టి వేడినీళ్లు తగిలినా, ఇస్త్రీపెట్టె తగిలినా అదే పని చేస్తుంది: బట్టకి అతుక్కుంటుంది. పొడిబట్టతో గట్టిగా రుద్దితే స్టాటిక్ ఛార్జ్ పుట్టి ఇంకా పట్టుకుంటుంది. ఇంటి వాక్యూమ్‌లో మామూలు ఫిల్టర్ ఇంత సన్నటి పొడిని ఆపలేదు, వెనక నుంచి గదంతా చిమ్ముతుంది. మోటార్ నిప్పురవ్వలకు పొడి అంటుకునే ప్రమాదమూ ఉంది.

ఫోన్‌లో చెప్పాల్సినవి ఈ వరుసలో చెప్పండి: “సార్, ముందు ఫ్యాన్, ఏసీ ఆపించండి. మెషిన్ పవర్ బటన్ నొక్కి, స్క్రీన్ ఆరిపోయాక మెయిన్ స్విచ్ ఆపి, ప్లగ్ తీసేయండి. దేన్నీ తుడవొద్దు, ఊదొద్దు. కిందపడ్డ పొడిని ఎవరూ తొక్కకుండా చుట్టూ పాత పేపర్లు పరిచి, మీరు అక్కణ్నుంచి కొంచెం దూరంగా ఉండండి. చేతికి అంటితే చల్లటి నీళ్లు, సబ్బుతో కడుక్కోండి. వేడినీళ్లు వద్దు.” కంట్లో పడిందంటే మాత్రం మిగతావన్నీ పక్కనపెట్టి, రుద్దకుండా 15 నిమిషాలు చల్లటి నీళ్లతో కడగమనాలి. మంట తగ్గకపోతే డాక్టర్ దగ్గరికి వెళ్లమనాలి. ప్లగ్ తీయించడానికి ఒక కారణముంది. మెషిన్‌లో కూలింగ్ ఫ్యాన్లు తిరుగుతున్నంతసేపూ ఒకచోట పడ్డ పొడిని బోర్డులదాకా లాక్కుపోతాయి.

వెళ్లాక “ఎవరు చేశారు?” అని అడగొద్దు. ఫోన్ చేసినవాళ్లే చేసి ఉండొచ్చు, ఉద్యోగం పోతుందేమోనని భయపడుతూ ఉండొచ్చు. అలా అడిగితే వచ్చేది “ఏమీ చేయలేదండీ, దానంతటదే” అన్న జవాబే. “చివరిసారి టోనర్ ఎప్పుడు మార్చారు? పాత బాటిల్ ఎక్కడుంది? ఈ మధ్య మెషిన్ జరిపారా?” అని అడిగితే నిజం తేలిగ్గా బయటికొస్తుంది. పాత బాటిల్ దొరికితే మూత, షట్టర్ (టోనర్ బయటికొచ్చే రంధ్రాన్ని మూసే చిన్న తలుపు), లేబుల్ చూడండి. సగం కథ అక్కడే ఉంటుంది.

లోపల శుభ్రం మొదలుపెట్టేముందు ఫ్యూజర్ చల్లారడానికి 30 నుంచి 40 నిమిషాలు ఆగాలి. ఆ వ్యవధిలో నేల సంగతి చూసుకోవచ్చు. నైట్రైల్ గ్లవ్స్, ఎన్95 మాస్క్ వేసుకోండి. 0.3 మైక్రాన్ల రేణువుల్ని కూడా ఆపే ఫిల్టర్, యాంటీ స్టాటిక్ గొట్టం ఉన్న టోనర్ వాక్యూమ్ తప్ప ఇంకేదీ వాడకండి. బ్లోయర్‌తో ఊదితే ఒక మూలలో ఉన్న పొడి వంద మూలలకు చేరుతుంది.

టోనర్ బాటిళ్లు, వాడగా మిగిలిన పొడి చేరే వేస్ట్ బాటిల్ ముందు తీసి, నిటారుగా కవర్లలో పెట్టండి. తర్వాత డ్రమ్ యూనిట్ (పేజీ బొమ్మ ముందుగా ఏర్పడే గొట్టం) తీసి, వెలుతురు తగలకుండా వెంటనే మందపాటి నల్ల కవర్‌లో చుట్టండి. ఇక పైనుంచి కిందికి రండి. ఒక చేత్తో మెత్తటి బ్రష్, రెండో చేత్తో నాజిల్. బ్రష్ కుచ్చుకీ నాజిల్ మూతికీ మధ్య రెండు వేళ్లకన్నా ఎక్కువ ఎడం ఉండకూడదు. బ్రష్‌తో ఊడ్చేది ఎప్పుడూ నాజిల్ వైపుకే. పొడి గాల్లోకి లేవడం కనిపిస్తే చెయ్యి వేగం తగ్గించండి.

డ్రమ్ మీది టోనర్‌ని కాగితం మీదికి ఎక్కించే ట్రాన్స్‌ఫర్ రోలర్‌ని వేళ్లతో ముట్టుకోవద్దు, ఆల్కహాల్ తగలనివ్వొద్దు, వాక్యూమ్ చాలు. డ్రమ్ మీద కూడా సాల్వెంట్ వాడొద్దు. డ్రమ్ మీద మిగిలిన పొడిని గీకే క్లీనింగ్ బ్లేడ్‌ని తీసి మళ్లీ బిగించేటప్పుడు దాని అంచుకు పలచగా టోనర్ అద్ది, డ్రమ్‌ని సరైన దిశలో చేత్తో ఒక చుట్టు తిప్పాలి. ఏమీ అద్దని బ్లేడ్‌తో మోటార్ తిరిగితే అంచు మడతపడుతుంది, కీచుమంటుంది, డ్రమ్‌కి గీతలు పడతాయి. కరోనా వైరు (ఛార్జ్ ఇచ్చే సన్నటి తీగ) ఉన్న మెషిన్ అయితే దాన్ని తడిలేని దూదిపుల్లతో ఈ చివర నుంచి ఆ చివరకు తేలిగ్గా తుడవాలి.

తొందరలో వదిలేసేవి మూడు. ఒకటి గేర్లు: టోనర్ గ్రీజులో కలిస్తే ముద్దలా తయారవుతుంది. పాత గ్రీజంతా తీసి కొత్తది పెట్టాలి, పైపైన తుడిస్తే కుదరదు. రెండు, పేపర్ సెన్సర్లు: సందులో పొడి ఉంటే కాగితం లేని చోట కూడా జామ్ చూపిస్తుంది. మూడు, ఫ్యూజర్‌లోకి కాగితం వెళ్లే దారి: అక్కడ చెంచాడు పొడి మిగిలినా ఆన్ చేయగానే కరిగి రోలర్‌కి పట్టేస్తుంది.

శుభ్రం అయ్యాక కూడా కారణం దొరక్కపోతే పని పూర్తి కానట్టే. మామూలుగా కనిపించేవి ఇవి: టోనర్ లోపలే ఉంచి మెషిన్‌ని వంచి మోయడం, షట్టర్ తెరుచుకున్న కార్ట్రిడ్జ్‌ని ఊపడం, నిండిన వేస్ట్ బాటిల్‌ని కుమ్మరించి మళ్లీ పెట్టడం. వీటన్నిటికన్నా ఖరీదైన తప్పు, వేస్ట్ బాటిల్‌లో పొడిని కొత్త టోనర్ అనుకుని పైన పోసేయడం. రంగు ఒకటే కదా, పారేయడమెందుకని పోస్తారు. కానీ ఆ పొడిలో కాగితపు దుమ్ము ఉంటుంది, సరిగ్గా ఛార్జ్ పట్టని రేణువులుంటాయి. పేజీ అంతా బూడిదరంగు పొగ కమ్మినట్టు వస్తుంది, డ్రమ్‌కి టోనర్ అందించే డెవలపర్ యూనిట్ చుట్టూ పొడి రాలుతుంది.

అప్పుడు మంచి టోనర్ పోసినా లాభం లేదు. రెండు భాగాల డెవలపర్ అంటే టోనర్, దాన్ని మోసే సన్నటి ఫెర్రైట్ పూసలు (క్యారియర్) కలిసిన మిశ్రమం. అది వాడే మెషిన్లలో ఆ పూసల్లో టోనర్ ఉండాల్సింది బరువులో కొద్ది శాతమే. క్యారియర్‌లో చెత్త చేరితే ఆ లెక్క చెడుతుంది. హాపర్ (టోనర్ నిలవుండే పెట్టె), టోనర్ వచ్చే దారి, డెవలపర్ మూడూ ఖాళీచేసి, కొత్త డెవలపర్ వేసి, సర్వీస్ మోడ్‌లో టోనర్ సెన్సర్ సెట్టింగ్ చేయాలి. పాత డెవలపర్ మీద ఈ సెట్టింగ్ ఎప్పుడూ చేయకండి. చెడిపోయిన మిశ్రమాన్నే సరైనదిగా గుర్తుపెట్టుకుని మెషిన్ టోనర్ తప్పుగా అందిస్తుంది. మోడల్‌కి సరిపడని టోనర్ పోసినప్పుడూ ఇదే మందు. పైగా అది కరిగే వేడి వేరైతే ఫ్యూజర్ కూడా చూసుకోవాలి.

బిగించాక 20 ఖాళీ కాగితాలు నడిపించి రెండువైపులా చూడండి. వెనకవైపు మరకలుంటే ట్రాన్స్‌ఫర్ రోలర్ మీదో, ఫ్యూజర్ కింది రోలర్ మీదో పొడి ఉన్నట్టు. ఒకే మచ్చ మళ్లీ మళ్లీ వస్తుంటే స్కేలుతో దూరం కొలవండి, అది తప్పున్న రోలర్ చుట్టుకొలతకు సమానం. 30 మిల్లీమీటర్ల వ్యాసమున్న డ్రమ్ అయితే సుమారు 94 మిల్లీమీటర్లకోసారి పడుతుంది. తర్వాత నిండు బూడిదరంగు పేజీ తీయండి. నిలువుగా తెల్ల గీత వస్తే లేజర్ కిటికీ అద్దం మీద పొడి ఉండొచ్చు. కాగితాల్ని ఒక్కొక్కటిగా లాక్కునే పై ఫీడర్ నుంచి కాపీ తీసినప్పుడే నల్ల గీత వచ్చి, ప్రింట్‌లో రాకపోతే తప్పు లోపల లేదు, ఫీడర్ కింద ఉండే సన్నటి అద్దం తుడిస్తే చాలు.

బట్టల మీద పడితే బయటికెళ్లి దులిపి, మిగిలింది టేపుతో అద్ది తీసి, చల్లటి నీళ్లలో ఉతకమనండి. మరక పూర్తిగా పోయేదాకా ఇస్త్రీ, డ్రయ్యర్ వద్దు. కార్పెట్ అయితే టోనర్ వాక్యూమ్, తర్వాత టేపు. ఆవిరితో శుభ్రం చేసేవాళ్లని పిలవొద్దని ముందే చెప్పాలి, ఎందుకంటే ఆ వేడికి మరక శాశ్వతంగా ఉండిపోతుంది. పోగైన పొడిని రెండు కవర్లలో మూటగట్టి, మంటల్లో వేయకూడదని చెప్పి ఇవ్వండి.

రిపోర్టులో కనిపించిందే రాయండి: “వేస్ట్ బాటిల్ మూత ఊడి ఉంది, లోపలి ట్రే మీద పొడి.” ఎవరి తప్పో మీరు తీర్పు చెప్పనక్కర్లేదు. వచ్చేముందు టోనర్ మార్చేవాళ్లెవరో పిలిచి, ఒకసారి వాళ్ల చేతే బాటిల్ తీయించి పెట్టించండి. షట్టర్ ఎటు జరుగుతుందో, ‘టక్’మని ఎక్కడ కూర్చుంటుందో వేలికి తెలియాలి. వేస్ట్ బాటిల్ మీద మార్కర్‌తో పెద్ద అక్షరాల్లో రాయండి: “నిండితే పారబోయొద్దు, వాడొద్దు, ఫోన్ చేయండి.” కింద మీ నంబర్.