టీఎన్ఎఫ్ ఆల్ఫా వయల్ వచ్చిందా? మూత తీసే ముందు ఇది చదవండి

టీఎన్ఎఫ్ ఆల్ఫా (కణాలకి వాపు సంకేతమిచ్చే ప్రొటీన్) వేసినా సెల్స్‌లో ఉలుకూ పలుకూ లేదని ఎవరైనా అంటే నేను ముందు అడిగేది ఒకటే: దేంట్లో కరిగించారు, ఎలా దాచారు? రీకాంబినెంట్ (జన్యువు చొప్పించి చేయించే) హ్యూమన్ టీఎన్ఎఫ్ ఆల్ఫాని ఎక్కువగా ఈ.కోలై బ్యాక్టీరియాలో తయారుచేస్తారు. 157 అమైనో ఆమ్లాలు, దాదాపు 17 కిలోడాల్టన్లు, మూడేసి అణువులు కలిసి ఒక ట్రైమర్‌గా ఉంటేనే పని చేస్తుంది. నిజానికి మరీ సుకుమారమైన ప్రొటీనేం కాదు, కానీ చాలా తక్కువ మోతాదులో వాడతాం కాబట్టి చిన్న పొరపాటుకే అంతా పోతుంది.

వయల్‌ని ఫ్రీజర్ లోంచి తీయగానే మూత తెరవకండి. గది వేడికి వచ్చేదాకా ఆగండి, లేకపోతే గాలిలోని తేమ లోపలికి చేరుతుంది. తర్వాత సెంట్రిఫ్యూజ్‌లో కాసేపు తిప్పండి. 10 మైక్రోగ్రాముల పొడి కంటికి ఆనదు, అడుగున పల్చటి పొరలా ఉంటుంది, ఒక్కోసారి మూత లోపలివైపు అంటుకుని ఉంటుంది. ఖాళీ వయల్ పంపారని కంగారు పడొద్దు.

కరిగించడానికి ముందు ఆ లాట్‌తో (ఒక విడతలో తయారైన సరుకుతో) వచ్చిన డేటాషీట్ చూడండి, పక్క ల్యాబ్‌వాళ్లు చెప్పింది కాదు. టీఎన్ఎఫ్ ఆల్ఫాకి మామూలుగా స్టెరైల్ నీళ్లో పీబీఎస్సో (ఫాస్ఫేట్ ఉప్పు బఫర్) సరిపోతుంది. అదే అలవాటు మీద ఐఎల్-2, టీజీఎఫ్ బీటా లాంటి వేరే సంకేత ప్రొటీన్లని నీళ్లలో కలిపేస్తే ఇబ్బందే, వాటికి చాలావరకు ఆమ్ల ద్రావణం కావాలి. 10 మైక్రోగ్రాముల వయల్‌కి 100 మైక్రోలీటర్లు పోస్తే మిల్లీలీటరుకి 100 మైక్రోగ్రాములు వస్తుంది, లెక్కకి కూడా సులువు. గోడల మీదుగా మెల్లగా పోసి, వయల్‌ని చేత్తో అటూ ఇటూ వంచి, ఐదు పది నిమిషాలు అలా వదిలేయండి. వోర్టెక్స్ (ట్యూబుని గిరగిరా కుదిపే యంత్రం) మాత్రం వద్దు, నురగ వచ్చిందంటే ప్రొటీన్ పాడవుతున్నట్టే.

ఇక అసలు సంగతి. ప్రొటీన్ పల్చబడేకొద్దీ ప్లాస్టిక్ గోడలకి అతుక్కుపోతుంది. మీరు 10 నానోగ్రాములు వేశాననుకుంటారు, సగం ట్యూబుకే అంటుకుని ఉంటుంది, సెల్స్‌కి అందేది ఎంతో ఎవరికీ తెలీదు. అందుకే కరిగించే ఆ 100 మైక్రోలీటర్ల పీబీఎస్‌లోనే 0.1 శాతం బీఎస్ఏ (ఆవు రక్తం నుంచి తీసే ఆల్బుమిన్ ప్రొటీన్) ఉండేలా చూసుకోండి, అతుక్కునే చోటులన్నీ బీఎస్ఏ ముందే ఆక్రమించేస్తుంది. ఇంత చిన్న మోతాదుని సిరంజి ఫిల్టర్‌లోంచి పంపడం కూడా ఇదే కారణంగా నష్టం, బఫర్‌ని ముందే ఫిల్టర్ చేసుకోండి. ప్రొటీన్‌కి ఏదైనా లేబుల్ తగిలించాలంటే మాత్రం బీఎస్ఏ అడ్డొస్తుంది, అలాంటి పనికి క్యారియర్ (బీఎస్ఏ లాంటి తోడు ప్రొటీన్) లేనిదే కొనాలి.

ఆ 100 మైక్రోలీటర్లనీ వెంటనే 5 మైక్రోలీటర్ల చొప్పున లో-బైండ్ (ప్రొటీన్ తక్కువగా అంటుకునే) ట్యూబుల్లో పంచేయండి. ఒక్కోదాంట్లో 500 నానోగ్రాములు. పేరు, గాఢత, లాట్ నంబరు, తేదీ రాసి మైనస్ 80లో పెట్టండి. దానంతట అదే మంచు కరిగించుకునే ఫ్రీజర్‌లో పెట్టకండి, దాని చలి పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. వాడే రోజు ఒక ట్యూబు తీసి, ఐస్ మీద కరగనిచ్చి, 495 మైక్రోలీటర్ల సీరం ఉన్న మీడియం కలిపితే మిల్లీలీటరుకి 1 మైక్రోగ్రాము అవుతుంది. దాంట్లోంచి 20 మైక్రోలీటర్లు 2 మిల్లీలీటర్ల మీడియం ఉన్న వెల్‌లో వేస్తే మిల్లీలీటరుకి సుమారు 10 నానోగ్రాములు. మిగిలింది పారేయండి. మనసొప్పదు, వయల్ ఖరీదు గుర్తొస్తుంది, అయినా మళ్లీ గడ్డకట్టించొద్దు.

పని చేస్తోందో లేదో తేల్చుకోవడానికి హీలా సెల్స్ (ల్యాబ్‌లో పెంచే మనిషి క్యాన్సర్ కణాలు) ఉంటే చాలు. మిల్లీలీటరుకి 10 నానోగ్రాములు వేసి 15 నిమిషాలకి వెస్టర్న్ (ప్రొటీన్లని బ్యాండ్లుగా చూపే పరీక్ష) చేస్తే ఐకప్పాబి ఆల్ఫా (ఎన్ఎఫ్ కప్పాబి అనే జన్యువుల స్విచ్‌ని ఆపి ఉంచే ప్రొటీన్) బ్యాండ్ బాగా తగ్గిపోతుంది, గంటకల్లా మళ్లీ కనిపిస్తుంది, ఎందుకంటే ఎన్ఎఫ్ కప్పాబినే దాన్ని తిరిగి తయారుచేయిస్తుంది. పక్కన టీఎన్ఎఫ్ లేకుండా ఉత్త బీఎస్ఏ బఫర్ వేసిన వెల్ తప్పనిసరి.

టీహెచ్‌పీ-1 లాంటి మోనోసైట్లు (ఒక రకం తెల్ల రక్తకణాలు) వాడేవాళ్లు ఇంకో పరీక్ష కూడా చేయాలి. ఈ.కోలై నుంచి వచ్చిన ఎండోటాక్సిన్ (ఆ బ్యాక్టీరియా పైపొరలోని విషపదార్థం) కాస్త మిగిలినా అది కూడా ఎన్ఎఫ్ కప్పాబిని లేపుతుంది, మీరు చూస్తున్నది దేని ప్రభావమో తెలియదు. కొంచెం స్టాక్‌ని 95 డిగ్రీల దగ్గర పది నిమిషాలు కాచి వేసి చూడండి. టీఎన్ఎఫ్ ఆ వేడికి చచ్చిపోతుంది, ఎండోటాక్సిన్ తట్టుకుంటుంది. కాచినా సిగ్నల్ అలాగే ఉంటే అనుమానించాల్సిందే. ఎలుక సెల్స్ మీద వాడేవాళ్లకి ఒక మాట: హ్యూమన్ టీఎన్ఎఫ్ ఎలుక కణాల మీది టీఎన్ఎఫ్ఆర్1 రిసెప్టర్‌ని పట్టుకుంటుంది కానీ టీఎన్ఎఫ్ఆర్2ని పట్టుకోదు, కాబట్టి రెండో రిసెప్టర్ మీద పని అయితే ఎలుక టీఎన్ఎఫ్ కొనండి.

కొత్త లాట్ వచ్చినప్పుడు నానోగ్రాములు ఒకటే కదా అని వదిలేయకండి, ఈడీ50 (సగం ప్రభావం చూపే గాఢత) పోల్చండి. ఎల్929 అనే ఎలుక సెల్స్ పరీక్షలో అది మిల్లీలీటరుకి 0.05 నానోగ్రాములైతే యాక్టివిటీ మిల్లీగ్రాముకి 2 కోట్ల యూనిట్లన్నమాట. పాత లాట్ అయిపోకముందే రెండూ పక్కపక్కన పెట్టి ఒక డోస్ కర్వ్ చేసుకోండి, తేడా ఉంటే సప్లయర్‌కి లాట్ నంబరుతో పాటు ఆ కర్వ్ కూడా పంపండి.