కరెంటు పోయిందని సీపీయూ విప్పమాకండి

అల్పపీడనం వార్త వచ్చిందంటే నెల్లూరు, కావలి, ఒంగోలు రిపేరు షాపులకి సీపీయూలు వరుస కడతాయి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకిదే అసలు వానాకాలం. పిడుగులు, పోయొచ్చే కరెంటు. తడి చేత్తో స్విచ్చి ముట్టుకోవద్దని ఎవరికీ చెప్పక్కర్లేదు. మనుషుల్ని పడగొట్టే తప్పు వేరే ఉంది.

కరెంటు పోతుంది. "ఎటూ పోయింది కదా, ఈలోపు విప్పేద్దాం" అని స్క్రూడ్రైవర్ అందుకుంటారు. లేదా గోడ దగ్గర యూపీఎస్ ప్లగ్గు పీకి, ఇక భయం లేదనుకుంటారు. ప్లగ్గు పీకితేనే కదా యూపీఎస్ బ్యాటరీ మీదకి మారేది! లోపలుండేది 12 వోల్టుల బ్యాటరీయే, బయటికొచ్చేది 230. ఇంటి ఇన్వర్టరుదీ ఇదే వరస. పీకాల్సింది యూపీఎస్ తీగ కాదు, సీపీయూ వెనక గుచ్చిన తీగ. పీకి, దాని కొస కంటికి కనపడేలా బల్ల మీద పెట్టుకోండి.

తర్వాత పవర్ బటన్ పది సెకన్లు నొక్కి పట్టండి. ఒక్కోసారి ఫ్యాను ఒక విదిలింపు విదిలించి ఆగుద్ది, మదర్‌బోర్డు మీద చిన్న లైటు మెల్లగా ఆరిపోద్ది. అప్పుడు చెయ్యి పెట్టండి. ఎస్ఎంపీఎస్ డబ్బా (సీపీయూ లోపల కరెంటు సరఫరా చేసేది) మాత్రం విప్పమాకండి. దానిలో కరెంటు నిలవుంచే పెద్ద కెపాసిటర్లో 325 వోల్టులు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే డీసీ నిలిచి ఉండొచ్చు.

ఎర్తు కోసం తీగ ఉంచేసి గోడ స్విచ్చి ఆపితే చాలని కొందరంటారు. ఆ స్విచ్చి తెంపేది ఒక్క తీగనే. వైరింగులో ఫేజు, న్యూట్రలు తారుమారైతే లోపలికి ఫేజు వస్తూనే ఉంటది. పైగా మూడో రంధ్రంలో ఎర్తు ఉందో లేదో! మీటరు పెట్టండి. ఫేజుకీ ఎర్తుకీ మధ్య 230 దగ్గర్లో రావాలి, న్యూట్రలుకీ ఎర్తుకీ మధ్య రెండు మూడు దాటకూడదు. సీపీయూ డబ్బా తాకితే వేళ్ళు జివ్వుమన్నాయా, ఎర్తు లేనట్టే. కనిగిరి, ఉదయగిరి వైపు మెట్టలో వేసవికి ఎర్తు గుంట ఎండిపోద్ది, నీళ్ళు పోయాలి.

స్టాటిక్, అంటే ఒంటి మీద పేరుకునే కరెంటు, ఈ తేమలో తక్కువే, ఏసీ గదిలో కాదు. ఒంటికి చురుక్కుమని తెలియాలంటే 3000 వోల్టులు కావాలి, చిప్పు పాడవడానికి 100 చాలు. ఒక్కోసారి వెంటనే చావదు కూడా, నెల తర్వాత ర్యామ్ మొరాయిస్తది. మణికట్టుకి కట్టుకునే రిస్టు స్ట్రాప్ క్లిప్పు పెయింటు లేని ఇనుముకి తగిలించండి. కరెంటున్న దాని దగ్గర స్ట్రాప్ తీసెయ్యండి. ర్యామ్‌ని అంచుల్తో పట్టుకోండి. బోర్డుతో వచ్చే వెండిరంగు కవరు మీద బోర్డు పెట్టి ఆన్ చెయ్యమాకండి, ఆ కవరు కరెంటు పారించొచ్చు. బ్లోయరు కొట్టేటప్పుడు ఫ్యాను రెక్క వేలితో ఆపండి. లాప్‌టాప్ అయితే ముందు బ్యాటరీ కనెక్టరు పీకండి. ఉబ్బిన బ్యాటరీని గుచ్చమాకండి. ఉరిమితే లాన్ (నెట్) తీగ కూడా పీకండి. నీళ్ళల్లో మునిగినదాన్ని "పనిచేస్తదేమో" అని ఆన్ చెయ్యమాకండి. కరెంటు పోయిందా? అయినా సీపీయూ తీగ పీకండి. షాకు కొట్టినవాణ్ణి పట్టుకుని లాగమాకండి. మెయిను ఆపినా యూపీఎస్ ఇస్తూనే ఉంటది, దాన్ని కూడా ఆపండి.