అలాగేనండి అన్నారు, పని అవలేదు: ఉద్యోగం చోట మాటలు ఎక్కడ తప్పుతున్నాయి?

శ్రీకాకుళంలోనైనా విజయనగరంలోనైనా ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర టీ కొట్టులో పది నిమిషాలు నిలబడండి. మన జనానికి మాట్లాడటం రాదని ఇంకెప్పుడూ అనరు. ఏ మెషిన్ ఎందుకు ఆగుతోందో, ఏ సెక్షన్లో ఎవరికి ఎవరితో పడదో, కొత్త మేనేజరుకి ఏటి తెలీదో, అన్నీ అక్కడ దొరుకుతాయి. అదే మనుషులు గేటు లోపలికి అడుగుపెట్టాక 'అలాగేనండి', 'చూద్దామండి', 'మీరెలాగంటే అలాగే' తప్ప నోరు విప్పరు. అందుకని కమ్యూనికేషన్ స్కిల్స్ క్లాసు పెట్టించే ముందు కాస్త ఆగండి. లోపం చాలాసార్లు మనిషి నోట్లో ఉండదు. మనం అడిగిన ప్రశ్నలోనో, అడిగిన చోటులోనో, ఎవరు ముందు మాట్లాడారన్న దాంట్లోనో ఉంటుంది. ఆ మూడూ మార్చడానికి పైసా ఖర్చు లేదు.

పైడిభీమవరం ఫార్మా యూనిట్లో షిఫ్ట్ ఇంఛార్జి అయినా, పలాస జీడిపప్పు ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్ అయినా, మండలాఫీసులో సెక్షన్ చూసేవారైనా, మీ దగ్గర కనిపించే లక్షణం ఏదో చూసుకుని అక్కడే చదవండి. రెండు మూడు కలిసి కనిపిస్తే మొదటిదాంతో మొదలుపెట్టండి. అది కుదురుకుంటే మిగతావాటిలో కొన్ని వాటంతటవే తగ్గుతాయి.

లక్షణం: 'అలాగేనండి' అన్నారు. సాయంత్రానికి చూస్తే పని అవలేదు, లేదా ఇంకోలా అయింది

ముందు ఒకటి తేల్చుకోవాలి. విని మర్చిపోయాడా? వినకుండా తలూపాడా? అర్థం కాక తలూపాడా? అవదని తెలిసే తలూపాడా? మనం ఈ నాలుగింటికీ కలిపి నిర్లక్ష్యం అని ఒకటే పేరు పెట్టేస్తాం. నేను చూసినంతలో చివరి రెండే ఎక్కువ.

కారణం చాలామటుకు 'అర్థమైందా?' అనే ప్రశ్న. పై అధికారి అలా అడిగినప్పుడు 'అవలేదండి' అంటే రెండు తప్పులు ఒప్పుకున్నట్టు. నాకు తెలివి లేదని ఒకటి, మీకు చెప్పడం రాలేదని రెండోది. మొదటిది ఎవరూ ఒప్పుకోరు, రెండోది ఎవరూ పైకనరు. కాబట్టి 'అయిందండి' అనే వస్తుంది. ఆ ప్రశ్నకి ఇంకో జవాబే లేనప్పుడు వచ్చిన జవాబుతో మనకి తెలిసేదీ ఏమీ ఉండదు.

ఇది చదువుకోనివాళ్ల జబ్బు అనుకోకండి. 1977 మార్చి 27న కానరీ దీవుల్లోని టెనెరిఫేలో రెండు జంబో విమానాలు రన్‌వే మీదే గుద్దుకుని 583 మంది పోయారు. మంచు కమ్మేసింది, టవర్‌కి విమానాలు కనిపించడం లేదు. టేకాఫ్ అవుతున్నామన్న అర్థం వచ్చేలా ఒక విమానం నుంచి రేడియోలో మాట వచ్చింది. టవర్ 'ఓకే' అంది. ఆ వెంటనే 'టేకాఫ్‌కి సిద్ధంగా ఉండండి, నేను పిలుస్తాను' అని కూడా అంది. అదే క్షణంలో రెండో విమానం కూడా రేడియోలో మాట్లాడటంతో రెండు మాటలూ ఢీకొని కీచుమన్నాయి. పైలట్లకి శుభ్రంగా వినిపించింది ఆ 'ఓకే' ఒక్కటే. అవతల కూర్చున్నది ఏళ్ల అనుభవమున్న కెప్టెన్. ఆ తర్వాత విమానాల మాటల పద్ధతి గట్టిపడింది. ఇప్పుడు ముఖ్యమైన అనుమతి ఇస్తే విన్నవాడు దాన్ని తిరిగి చెప్పాలి, చెప్పినవాడు అది సరిగ్గా ఉందో లేదో వినాలి. ఒట్టి 'ఓకే' చెల్లదు.

మన దగ్గర చేయాల్సిందీ అదే, కాకపోతే అప్పజెప్పించుకున్నట్టు ఉండకూడదు. తప్పు మన వైపు పెట్టుకుని అడగాలి.

“బాబాయ్, నేను గబగబా చెప్పేశాను, ఏదో వదిలేసుంటాను. ముందు ఏం చేస్తారో ఒకసారి చెప్పండి.”

“రెండో లైను ఆపేసి, ఫిల్టరు ఊడదీసి కడుగుతానండి.”

“ఊడదీసే ముందు?”

“ప్రెజర్ దించాలి కదండి. అది మీరు చెప్పలేదు గానీ నేను దించుతాను.”

ఆ చివరి వాక్యం చూడండి. 'అర్థమైందా' అని అడిగుంటే, మనం చెప్పడం మర్చిపోయిన సంగతి మనకి తెలిసేదే కాదు.

రెండోది, 'సాయంత్రానికి అయిపోద్దా?' అని అడగడం మానేయండి. 'సాయంత్రానికి అవడానికి అడ్డం ఏటొస్తుంది?' అనండి. ఈ ప్రశ్నలో అడ్డం ఉంటుందని మనమే ముందు ఒప్పుకున్నాం, అందుకని అవతలివాడు బయటపడతాడు. 'స్టోర్సులో గాస్కెట్లు లేవండి' అన్న ముక్క పొద్దున్నే బయటికొస్తుంది. లేకపోతే సాయంత్రం అయిదింటికి సంజాయిషీగా వస్తుంది.

మూడోది కష్టమైనది. ఎవరో ఒకరోజు ధైర్యం చేసి 'ఇది ఇవాళ అవదండి' అంటారు. ఆ క్షణంలో మీ మొహం ఎలా మారిందో అక్కడున్న అందరూ చూస్తారు. చిరాకు పడ్డారా, ఆ సెక్షన్లో మళ్లీ ఇంకొకరు 'అవదు' అనడానికి నెలలు పడుతుంది.

లక్షణం: పాత షిఫ్టు వాళ్లకి తెలిసింది కొత్త షిఫ్టుకి తెలీదు

గేటు బయట బస్సు హారన్ కొడుతుంటుంది. శ్రీకాకుళం బస్సు ఒకటి, విజయనగరం బస్సు ఒకటి. దిగినవాళ్లు లోపలికి, ఎక్కేవాళ్లు బయటికి. దారిలో ఎదురుపడ్డప్పుడు “ఏటి సంగతి?” “అంతా బాగానే ఉంది” అనుకుంటారు. షిఫ్టు అప్పగింత అయిపోయింది.

1988 జులై 6న ఉత్తర సముద్రంలో పైపర్ ఆల్ఫా అనే చమురు ప్లాట్‌ఫాం మంటల్లో పోయి 167 మంది చనిపోయారు. పగటి షిఫ్టులో మెయింటెనెన్స్ కోసం ఒక పంపుకి సంబంధించిన సేఫ్టీ వాల్వ్ తీసి ఉంచారు. ఆ సంగతి రాత్రి షిఫ్టుకి చేరలేదు. రెండో పంపు ఆగిపోతే, బాగానే ఉందనుకుని ఈ పంపు ఆన్ చేశారు. కాగితం ఉంది, రాసినవాడూ ఉన్నాడు. కావలసిన మనిషికి మాత్రం కావలసిన టైముకి చేరలేదు.

సాల్వెంట్లు, రియాక్టర్లు ఉండే చోట దీన్ని మర్యాదల విషయంగా చూడకండి. లాగ్‌బుక్‌లో అయిన పనుల జాబితా ఎంత పొడుగున్నా ఉపయోగం తక్కువ. సగంలో ఆగినవి, విప్పి ఉంచినవి, బైపాస్ చేసినవి, తాత్కాలికంగా కట్టినవి ముందు రాయించండి. వాటి దగ్గరికి ఇద్దరూ కలిసి నడిచి వెళ్లి చూడాలి, అక్కడే సంతకం పెట్టాలి. ఆ పది పదిహేను నిమిషాలు షిఫ్టులు ఒకదాని మీద ఒకటి పడేలా టైములు పెట్టాలి, బస్సూ దానికి తగ్గట్టు ఆగాలి. బస్సు ఆపే అధికారం సూపర్‌వైజర్‌కి ఉండదు. కాబట్టి ఈ మాట పైవాళ్లతో మీరే తేల్చుకోవాలి.

లక్షణం: మీటింగ్‌లో అందరూ మౌనం. టీ టైములో అసలు మీటింగ్

మేనేజర్ గారు మొదట తన అభిప్రాయం చెప్పి, 'ఇప్పుడు మీరు ఫ్రీగా చెప్పండి' అంటారు. ఇంకేం చెప్తారు? పైగా స్లైడ్లన్నీ ఇంగ్లీషులో. పక్క కుర్చీలో కూర్చున్నది సొంత మేనమామ, ఎదురుగా వియ్యంకుడి తమ్ముడు. ఇక్కడ ఒక ఫ్యాక్టరీలో పది ఊళ్ల చుట్టరికాలుంటాయి. మీటింగ్‌లో కాదన్న మాట సాయంత్రానికి పెళ్లివారింటి దాకా వెళ్తుంది.

క్రమం తిరగేయండి. మన సైన్యం ఈ పని ఎప్పుడో చేసింది. కోర్టు మార్షల్‌లో సభ్యుల అభిప్రాయాలు అందరికంటే చిన్న ర్యాంకు సభ్యుడితో మొదలుపెట్టి అడగాలని 1954 నాటి ఆర్మీ రూల్స్ చెప్తాయి. పెద్దాయన ముందు మాట్లాడితే తర్వాతి వాళ్లంతా ఆయన మాటే మాట్లాడతారని వాళ్లకి తెలుసు. మీరు కూడా చివర మాట్లాడండి. పెద్ద విషయమైతే ముందే చిన్న చీటీల మీద రాయించి, కలిపి, పేర్లు లేకుండా చదవండి. రాయడం ఇబ్బందైన వాళ్లుంటే ముందురోజే మెషిన్ దగ్గరకెళ్లి విడిగా అడగండి. మొదట వచ్చిన అభ్యంతరానికి వెంటనే జవాబు చెప్పకండి, బోర్డు మీద రాసి ఊరుకోండి. జవాబు ఠక్కున వచ్చిందంటే రెండో అభ్యంతరం రాదు.

గొడవల్లేని మీటింగ్ మంచి మీటింగ్ అనుకునేవాళ్లకి ఒక సంగతి. అమీ ఎడ్మండ్‌సన్ అనే పరిశోధకురాలు 1990ల్లో ఆసుపత్రి నర్సుల బృందాలను పరిశీలించారు. మంచి బృందాల్లో మందుల పొరపాట్లు తక్కువ నమోదవుతాయనుకుంటే, లెక్క తిరగబడింది. వాళ్లే ఎక్కువ నమోదు చేశారు. వాళ్ల దగ్గర పొరపాటు జరిగిందని చెప్పడానికి భయం లేకపోవడమే కారణమని ఆవిడ తేల్చారు. మీ రిజిస్టర్లో నెలంతా 'నిల్' ఉంటే సంబరపడే ముందు ఇది గుర్తు చేసుకోండి.

టీ కొట్టు దగ్గర ఎవరేమన్నారో చెప్పమని మనిషిని మాత్రం పెట్టకండి. రెండు రోజుల్లో తెలిసిపోతుంది, టీ కొట్టు మారిపోతుంది.

లక్షణం: కొత్త ఇంజనీరు చెప్తే పాత ఫిట్టరు వినడు

ఇతనికి ఇరవై అయిదు, ఆయనకి యాభై దాటాయి. ఇతని చేతిలో డిగ్రీ ఉంది, ఆయన చేతికి ఆ మెషిన్ చప్పుడే తెలుసు. ఇంజనీరు పేరు పెట్టి 'నువ్వు' అంటాడు, ఫిట్టరు 'అలాగే బాబూ' అని తనకి తోచినట్టు చేస్తాడు. పైకి క్రమశిక్షణ సమస్యలా కనిపిస్తుంది గానీ ఇది వయసుకీ హోదాకీ మధ్య తేలని లెక్క.

'మీరు' అనడంతో సగం పని అవుతుంది. 'గారు' చేరిస్తే ఇంకా మంచిది. దాంతో ఎవరి అధికారమూ తగ్గదు. ఆ తర్వాత సమస్యని ఆజ్ఞగా కాకుండా ప్రశ్నగా ఆయన ముందు పెట్టాలి: “ఈ బేరింగ్ మూడుసార్లు పోయింది. మీరేమనుకుంటున్నారు?” ఆయన చెప్పింది తప్పయితే ఎందుకు తప్పో వివరించండి. ఒప్పయితే నలుగురి ముందు ఆయన పేరు మీద చెప్పండి. తిట్టాల్సి వస్తే మాత్రం నలుగురి ముందు కాదు. పక్కకి పిలిచి, జరిగిన ఆ ఒక్క విషయమే మాట్లాడాలి. 'మీరెప్పుడూ ఇంతే' అన్నారా, సంభాషణ ఇరవై ఏళ్ల వెనక్కి పోతుంది.

ఇక్కడే ఇంకోటి. బయటి జిల్లాల నుంచి వచ్చిన ఆఫీసర్లు కొందరు మన యాసకి నవ్వుతారు, అనుకరిస్తారు. సరదాకే కావచ్చు. నవ్వించుకున్న మనిషి మర్నాటి నుంచి ముక్తసరిగా రెండు మాటలు చెప్పి వెళ్లిపోతాడు, మెషిన్ చప్పుడు మారిన సంగతి చెప్పడు. గిడుగు రామమూర్తి గారు పుట్టింది ఈ శ్రీకాకుళం జిల్లాలోనే, 1863లో. సవరల భాష నేర్చుకుని, దానికి వ్యాకరణమే రాశారు. మేనేజర్లు అంత చేయనక్కర్లేదు, నవ్వకుండా ఉంటే చాలు.

లక్షణం: వాట్సాప్‌లో పెట్టాం, ఎవరూ చూడలేదు

శుభోదయం పువ్వుల కింద ఆర్డరు పూడిపోయింది. అడ్మిన్లు మాత్రమే రాసే గ్రూపు ఒకటి విడిగా పెట్టండి. దాంట్లో పని తప్ప ఏదీ రాకూడదు. వాయిస్ మెసేజ్‌లో చెప్పిన తేదీ, నంబరు ఎవరికీ గుర్తుండవు, అవి రాయాలి. అత్యవసరమైతే ఫోన్ చేయండి. రాత్రి పదింటికి పెట్టిన మెసేజ్‌కి జవాబు రాలేదని పొద్దున్న అలగకండి.

లక్షణం: సిరిమాను రోజున సగం మందికి కడుపునొప్పి

విజయనగరంలో పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం దసరా తర్వాతి మంగళవారం. ముందురోజు తొలేళ్లు. ఆ తేదీ ఎవరికీ రహస్యం కాదు. అయినా ఏటా ఆ మంగళవారం పొద్దున్నే ఫోన్లు: “ఒంట్లో బాలేదండి”, “పిల్లకి జ్వరమండి”. శ్రీకాకుళం వైపు అరసవల్లి రథసప్తమికి కూడా అంతే.

అబద్ధాలాడుతున్నారని కోపం వస్తుంది. కానీ నిజం చెప్పి సెలవు అడిగినవాళ్లకి పోయినేడు ఏమైందో చూడండి. ముందుగా అడిగినవాడికి 'కుదరదు' అన్నారు, ఆ పొద్దున్న జ్వరమన్నవాడికి సెలవు దొరికింది. పాఠం మనమే నేర్పాం.

పండక్కి మూడు వారాల ముందు గోడ మీద ఒక కాగితం అంటించండి. ఆ రోజు ఎంతమంది తప్పనిసరిగా కావాలో అంకె వేయండి. మిగతాది వాళ్లనే తేల్చుకోమనండి. సంక్రాంతికి ఉన్నవాళ్లు సిరిమానుకి వెళ్తారు, ఇలా ఉండే లెక్కలు వాళ్లకి మనకంటే బాగా తెలుసు. నిజంగా కుదరకపోతే ఆ ముక్క అప్పుడే, కారణంతో చెప్పాలి. నాన్చి నాన్చి సోమవారం సాయంత్రం చెప్తే మళ్లీ కడుపునొప్పే. బోనస్, కాంట్రాక్టు రెన్యువల్ పుకార్లకి కూడా మందు ఇదే. తేలలేదంటే తేలలేదని, ఫలానా తేదీకి చెప్తామని నోటీసు పెట్టండి.

మాటలతో బాగుచేయకూడనివి

ఆడవాళ్ల మీద వెకిలి మాటలు, ద్వంద్వార్థాలు, రాత్రి మెసేజ్‌లు ఈ పద్ధతులతో సర్దాల్సినవి కావు. 'ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోండమ్మా' అనే పెద్దరికం అక్కడ పనికిరాదు. పనిచేసే చోట ఆడవాళ్ల మీద లైంగిక వేధింపులకి సంబంధించిన 2013 చట్టం ప్రకారం పదిమంది, అంతకంటే ఎక్కువ పనిచేసే ప్రతి చోటా అంతర్గత కమిటీ ఉండాలి. అంతకంటే తక్కువున్న చోట్ల, లేదా ఫిర్యాదు యజమాని మీదే అయితే, జిల్లా స్థాయిలో ఉండే స్థానిక కమిటీకి వెళ్లవచ్చు. ఫిర్యాదు రాతపూర్వకంగా, మామూలుగా మూడు నెలల లోపు ఇవ్వాలి. రాయలేని పరిస్థితిలో ఉంటే రాయడానికి కమిటీయే సాయం చేయాలి. ఆలస్యానికి సరైన కారణం ఉంటే ఇంకో మూడు నెలలు గడువు పొడిగించే అధికారం కూడా కమిటీకి ఉంది. మీ యూనిట్లో ఆ కమిటీ సభ్యుల పేర్లు గోడ మీద కనిపిస్తున్నాయో లేదో ఇవాళే చూడండి. కనిపించకపోతే హెచ్‌ఆర్ వాళ్లని అడగండి.