ఇంట్లో ఒక చిలుక ఉండగా ఇంకోదాన్ని తెస్తున్నారా? ముందు ఇవి చూసుకోండి

ఇంట్లో కాకటీల్ గానీ బడ్జీ గానీ (రెండూ విదేశీ చిన్న చిలుకలే) ఒక్కటే ఉంది, తోడు తెద్దాం అనుకునేవాళ్లకు మొదటి మాట: తెచ్చిన రోజే రెంటినీ ఒకే పంజరంలో వేయకండి. "ఏం కాదన్నా, రెండు రోజుల్ల కలిసిపోతయ్" అని అమ్మినాయన చెప్తాడు, వినకండి.

ఏ పక్షిని తెస్తున్నారో కూడా చూసుకోవాలి. మన చింతచెట్ల మీద అరిచే రామచిలుకను కొనడం, పెంచడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. ఎవరైనా చాటుగా అమ్మజూపినా వద్దనండి. బడ్జీలు, కాకటీల్స్ హాయిగా పెంచుకోవచ్చు. సన్ కాన్యూర్ లాంటి విదేశీ చిలుకలైతే కేంద్ర పర్యావరణ శాఖ వాళ్ల పరివేష్ పోర్టల్‌లో రిజిస్ట్రేషన్ కావాలి, కాగితాలు అడిగి తీసుకోండి. మన దగ్గర లవ్ బర్డ్స్ అని అమ్మేవి ఎక్కువగా బడ్జీలే. అసలు లవ్ బర్డ్స్ వేరు, చూడ్డానికి చిన్నగానే ఉన్నా పక్కదాని కాలివేళ్లు కొరికి పడేస్తాయి, వాటిని బడ్జీలతో గానీ కాకటీల్స్‌తో గానీ కలపొద్దు.

ఇక అసలు పని. కొత్తదాన్ని కనీసం 30 రోజులు, వీలైతే 45 రోజులు వేరే గదిలో ఉంచాలి. మనలో చాలామంది చార్మినార్ దగ్గరి ముర్గీ చౌక్‌లో కొని, అట్టపెట్టెలో పెట్టుకుని బస్సులో నల్లగొండకో మహబూబ్‌నగర్‌కో తెస్తాం. ఆ ప్రయాణం టెన్షన్‌కి లోపల దాగిన జబ్బు ఏదైనా ఉంటే తర్వాత బయటపడుతుంది. సిట్టకోసిస్ అనే జబ్బు పక్షి నుంచి పక్షికే కాదు, మనుషులకూ అంటుతుంది, జ్వరం, దగ్గు వస్తాయి, ఇంట్లో పెద్దవాళ్లుంటే ఇంకా జాగ్రత్త. రెట్ట ఎండిపోయి దుమ్ముగా లేవకుండా పంజరం అడుగున పరిచిన కాగితం తడిపి తీయండి. రోజూ ముందు పాతదాని పనులు చేసి, ఆ తర్వాతే కొత్తదాని దగ్గరికి వెళ్లండి, చేతులు సబ్బుతో కడుక్కోండి, గిన్నెలు కలపొద్దు.

మన ఎండల్లో చాలామంది మరిచిపోయేది కూలర్. కొత్తదాని గది నుంచి పాతదాని వైపు కూలర్ గాలి కొడుతుంటే ఎన్ని తలుపులు వేసినా వేరే ఉంచినట్టు కాదు. అలాగని డాబా మీద రేకుల షెడ్డులో పెట్టారనుకోండి, ఏప్రిల్, మే ఎండకు నోరు తెరిచి, రెక్కలు ఎడంగా పెట్టి రొప్పుతుంది, ప్రాణమే పోవచ్చు. అందుకే వానాకాలంలోనో చలికాలంలోనో తెచ్చుకోవడం నయం.

వేరే గదిలో ఉంచిన ఈ రోజుల్లో కొత్తదాన్ని బాగా గమనించండి. ఈకలు ఉబ్బించుకుని పంజరం అడుగున కూర్చోవడం, ఊపిరి తీసినప్పుడల్లా తోక పైకీ కిందికీ ఊగడం, రెట్టలో తెల్లగా ఉండాల్సింది పసుపు రంగుకో ఆకుపచ్చకో తిరగడం, ఏది కనిపించినా డాక్టర్‌కి చూపించాలి. దగ్గర్లో పక్షుల్ని చూసేవాళ్లు దొరక్కపోతే రాజేంద్రనగర్ వెటర్నరీ కాలేజీకి తీసుకెళ్లండి. గ్రాముల్లో చూపించే వంటింటి కాటా మీద అప్పుడప్పుడు తూచండి, ఎందుకంటే పక్షి జబ్బును దాచుకుంటుంది, బరువు దాచుకోలేదు.

గడువు అయ్యాక రెండు పంజరాలూ ఒకే గదిలో, ఆ మూలకొకటి ఈ మూలకొకటి, ఒకే ఎత్తులో పెట్టండి. కొత్తది పైన ఉంటే పాతదానికి నచ్చదు. రోజూ కొద్దికొద్దిగా దగ్గరికి జరుపుతూ, ఇద్దరికీ ఒకేసారి సజ్జ కంకి పెట్టండి. జానెడు కంటే దగ్గరకు మాత్రం తేవద్దు, చువ్వల మధ్య నుంచే వేళ్లు కొరుకుతాయి. కాకటీల్ నెత్తి మీది ఈకల కుచ్చు తలకు అంటుకుపోయి బుసకొడితే మళ్లీ కాస్త వెనక్కి జరపండి. ఒకటి ఈకలు సవరించుకుంటుంటే రెండోదీ మొదలుపెట్టిందంటే పని సజావుగా నడుస్తున్నట్టే.

ఆ తర్వాత ఇద్దరినీ కలిపి బయటికి వదిలేది పాతదాని పంజరం లేని గదిలో. సీలింగ్ ఫ్యాన్ ఆపి, కిటికీలు మూసి, అద్దం మీద గుడ్డ కప్పి, వంటింటి తలుపు గడియ పెట్టండి (నాన్‌స్టిక్ పెనం మాడిన పొగకే పక్షులు చచ్చిపోతాయి). గింజల గిన్నెలు రెండు ఉండాలి, మొదట పది నిమిషాలు చాలు. కొట్టుకుంటే మధ్యలో చెయ్యి పెట్టకుండా తువ్వాలు అడ్డం వేయండి. ఇదంతా జరిగేటప్పుడు పలకరింపైనా, తిండైనా పాతదానికే ముందు.

గూడు డబ్బా అస్సలు పెట్టొద్దు, పెడితే దానికోసం తగువు ఖాయం. ఒకే పంజరంలో ఉంచాలనే అనుకుంటే పెద్దది కొత్తగా తెచ్చి ఇద్దరినీ ఒకేసారి వదలండి, పాతదాని పంజరంలోకి కొత్తదాన్ని తోయొద్దు. సైజులో బాగా తేడా ఉంటే ఆ ఆలోచనే మానుకోండి. కొన్ని జతలకు ఎన్నాళ్లయినా సోపతి కుదరదు, అప్పుడు రెండు పంజరాలు జానెడు ఎడంగా ఉంచి, ఇద్దరినీ వంతులవారీగా బయటికి వదిలితే సరిపోతుంది.