మెయిన్ పేపరా, జిల్లా టాబ్లాయిడా: చదవడానికి ఏది సులువు?

ప్రాజెక్టు కోసం ఈ రెండింటి భాషనీ పోల్చే డిగ్రీ పిల్లలకి ఓ మాట. ఇందులో సినిమా కబురు, అందులో బడ్జెట్ విశ్లేషణ తీసుకుంటే తేలేది పేపర్ తేడా కాదు, విషయం తేడా. రెండింట్లోనూ వచ్చిన ఒకే వార్త పట్టుకోండి. గోదావరికి వరదొస్తే వెతుక్కునే పనే లేదు: ధవళేశ్వరం దగ్గర 13.75 అడుగులకి రెండో ప్రమాద హెచ్చరిక ఇచ్చారంటే రెండు చోట్లా ఉంటుంది.

ఇలాంటి జతలు ఓ 30 పోగేసి, వాక్యానికి సగటున ఎన్ని మాటలో, మాటకి ఎన్ని అక్షరాలో చూడండి. చదవడం ఎంత సులువో చెప్పేందుకు ఇంగ్లిషు కోసం కట్టిన ఫ్లెష్ స్కోరు జోలికి పోవద్దు. ఎక్సెల్‌ అక్షరాల లెక్కనీ నమ్మొద్దు. ‘ధవళేశ్వరం’ మనకి 5 అక్షరాలు; గుణింతం, ఒత్తు, సున్నా విడివిడిగా లెక్కేసే దానికి 9. చివర్లో జతల తేడాల మీద విల్కాక్సన్ సైన్డ్ ర్యాంక్ టెస్ట్ (తేడాల్ని వరస ర్యాంకులుగా మార్చి చూసే గణాంక పరీక్ష) చేయండి. సగటు తేడాని చూసే టీ-టెస్ట్ అయితే చాంతాడంత వాక్యాలున్న ఒక్క వార్తే ఫలితాన్ని తనవైపు లాగేస్తుంది.